వండర్ గర్ల్స్ ‘నోబడీ’: చప్పట్లు కొట్టి మరీ చెప్పిన మాట

కొరియన్ పాప్ అసలు వినని వాళ్లు ఎవరైనా "ఒక్క పాట చెప్పు, నచ్చితే మిగతావి వింటా" అని అడిగితే నేను కొత్త పాట చెప్పను. బ్లాక్‌పింక్ చెప్పను, న్యూజీన్స్ చెప్పను. 2008 సెప్టెంబర్ 22న వచ్చిన వండర్ గర్ల్స్ ‘నోబడీ’ చెబుతాను. ఆడపిల్లల గ్రూపులు పాడిన డ్యాన్స్ పాటల్లో ఇంత సూటిగా, ఇంత పొదుపుగా పని కానిచ్చేసిన పాట నాకు ఇప్పటికీ ఇంకోటి దొరకలేదు. దీని పేరెత్తితే చాలు, అమెరికా టాప్ వంద పాటల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లోకి ఎక్కిన మొదటి కొరియన్ గ్రూప్ పాట అని ఒక ముక్క చెప్పేసి ముందుకెళ్లిపోతారు. రికార్డు నిజమే, దాని కథ కూడా చెబుతాను. కానీ ఆ ఒక్క ముక్క వల్ల పాట మరుగున పడిపోయిందనేది నా బాధ. ముందు పాట సంగతి చూద్దాం.

ఒకబ్బాయి ఒకమ్మాయిని వదిలేస్తున్నాడు. ప్రేమ లేక కాదు. నేను నీకు తగినవాణ్ణి కాను, ఇంకొకరిని చేసుకుని సుఖంగా ఉండు అంటున్నాడు. ఈ అబ్బాయి మనకి కొత్తవాడేం కాదు. మన సినిమాల సెకండాఫ్‌లో ఎన్నిసార్లు చూశాం వీణ్ణి! హీరోయిన్‌ని ఒక్క మాట అడగడు, ఆమె తరఫున నిర్ణయం తనే తీసేసుకుంటాడు, దానికి త్యాగం అని పేరు పెడతాం, వయొలిన్లు మోగుతాయి, హాల్లో కన్నీళ్లన్నీ అతనికే. అవతల ఆ అమ్మాయి ఏమనుకుంటోందో అడిగే సీను చాలా సినిమాల్లో ఉండనే ఉండదు. ‘నోబడీ’ మొత్తం ఆ అమ్మాయి జవాబే. నన్నెందుకు నెట్టేస్తున్నావు, నా మాట ఎందుకు చెవిన పెట్టవు, నన్ను ఇంకొకరి దగ్గరికి ఎందుకు పంపాలని చూస్తున్నావు అని మొదటి చరణం. నా మంచి కోసమే అంటున్నావు, నీలో ఏదో తక్కువుందంటున్నావు, ఇంక ఆపు, నా సంగతి నీకు తెలుసు కదా, నేను కోరనిది నా మీద ఎందుకు రుద్దుతున్నావు అని ఆ తర్వాతి మాట. రెండో చరణంలో ఇంకా సూటిగా అడిగేస్తుంది: నేను బాగానే ఉన్నానే, నాకు సంతోషంగానే ఉందే, నిన్ను వదిలేసి ఎవర్ని కలిసి సుఖపడమంటావు?

ఇది ఏడుపు పాట కావాలి. మామూలుగా అయితే స్లోగా, పియానో మీద, కళ్లు మూసుకుని పాడాల్సిన విషయం. రాసింది, ట్యూన్ కట్టింది వండర్ గర్ల్స్‌ని తయారుచేసిన జేవైపీ కంపెనీ పెట్టిన పార్క్ జిన్‌యంగ్. ఆయన ఈ విషయాన్ని తీసుకెళ్లి నేరుగా డ్యాన్స్ బీట్ మీద కూర్చోబెట్టాడు. దాంతో ఏమైందంటే ఆ అమ్మాయి బతిమాలడం కాస్తా మంకుపట్టులా వినిపించడం మొదలైంది. కాళ్లు పట్టుకుంటున్నట్టు ఎక్కడా ఉండదు. నిటారుగా నిలబడి, నవ్వుతూ, నువ్వు తప్ప ఎవరూ వద్దంటే వద్దు, అర్థమైందా అన్నట్టుంటుంది. నాకు ఈ పాట మీద ఇంత ప్రేమ ఎందుకో చెప్పమంటే మొదట చెప్పేది ఇదే.

ఇప్పుడు కొంచెం దగ్గరగా విందాం. మొదట్లో నిన్ను ఇంకా ప్రేమిస్తూనే ఉన్నానన్న అర్థంలో నెమ్మదిగా ఒక మాట. అది అయిందో లేదో, చరణం కోసం ఆగకుండా కోరస్ వచ్చి పడిపోతుంది. పాట పేరే కోరస్, కోరస్సే పాట. ఆ పదం రెండేసిసార్లు, తర్వాత వరసగా మళ్లీ మళ్లీ, మధ్యలో చప్పట్లు. ఇంగ్లీషు లైను, దాని వెంటనే కొరియన్ లైను. కొరియన్ లైనులో ‘వేరే ఎవరైనా వద్దు, నువ్వు కాకపోతే వద్దు’ అని ఒకే పదంతో రెండు ముక్కలూ ముగుస్తాయి, ఆ చివరి పదం రెండుసార్లు గోడకి మేకు దిగినట్టు దిగుతుంది. భాష తెలియని వాళ్లకి కూడా ఇక్కడ ఏదో గట్టిగా చెబుతున్నారని తెలిసిపోతుంది.

తర్వాత చరణం మొదలయ్యేసరికి గొంతులు తగ్గుతాయి. ఇక్కడే పాట తెలివి కనిపిస్తుంది. చరణంలో ప్రశ్నలుంటాయి, అందుకని ట్యూను కూడా ఎక్కడా స్థిరంగా కూర్చోకుండా కొంచెం వెతుక్కుంటున్నట్టు నడుస్తుంది. కోరస్ ముందు ఆ ‘ఇంక ఆపు’ అన్న భాగంలో ట్యూను మెట్టు మెట్టుగా పైకి ఎక్కుతుంది, ఓపిక తగ్గిపోతున్నట్టు. అక్కడి నుంచి మళ్లీ కోరస్‌లోకి దూకితే ప్రశ్నలన్నీ పోయి ఒక్క జవాబే మిగులుతుంది. ప్రధానంగా పాడేవాళ్లు ఇద్దరు, సన్యే, యేయున్. ఇద్దరివీ గట్టి గొంతులు. కానీ ఈ పాటలో ఎవరూ సంగతులు వేసి ప్రతిభ చూపించే పని పెట్టుకోలేదు. సన్మీ, సోహీ గొంతులు పల్చగా, మామూలు అమ్మాయి మాట్లాడుతున్నట్టు ఉంటాయి, అవి ఈ పాటకి చక్కగా సరిపోయాయి. ఆ రోజుకి ఐదుగురిలో ఎవరికీ ఇరవై నిండలేదు. సన్మీకి, సోహీకి పదహారే. పెద్ద గాయని ఎవరైనా గొంతు చించుకుని పాడి ఉంటే పాట బరువెక్కిపోయేది.

చివర్లో యూబిన్ రాప్. చిన్నప్పటి రోజులు, అడ్డూ అదుపూ లేని రోజులు, అంతా కలలా ఉన్న రోజులు, అక్కడికి తిరిగి వెళ్లాలనుంది అంటుంది. చాలా పాటల్లో రాప్ అంటే మధ్యలో ఊపు కోసం ఇరికించేది. ఇక్కడ పాట మొత్తంలో గతం గురించి మాట్లాడే ఒకే ఒక్క చోటు అది. యూబిన్ గొంతు మిగతావాళ్లకంటే కిందిస్థాయిలో, కొంచెం బొంగురుగా ఉంటుంది కాబట్టి ఆ నాలుగు మాటలు చెవిలో చెప్పినట్టు వినపడతాయి. చెప్పీ చెప్పగానే మళ్లీ అదే మంకుపట్టు, అదే పదం, ఇంకో నాలుగుసార్లు. నన్నడిగితే పాటలో నిజంగా గుండె కలుక్కుమనేది ఆ పది పదిహేను సెకన్లలోనే, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే తప్ప దొరకదు.

లోపం లేదా అంటే ఉంది. ఈ పాట 1960ల అమెరికా మోటౌన్ పాటల పద్ధతిలో కట్టింది. డెట్రాయిట్‌లో బెర్రీ గోర్డీ పెట్టిన కంపెనీ, ది సుప్రీమ్స్ లాంటి అమ్మాయిల గ్రూపులు, ఆ లోకం. దుస్తులు, మైకులు, అడుగులు అన్నీ అక్కడి నుంచే. మోటౌన్ పాటల ప్రాణం మాత్రం స్టూడియోలో వాయించిన ఫంక్ బ్రదర్స్ అనే బృందంలో, ముఖ్యంగా జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్‌లో ఉంది. ఆ పాటల్లో బేస్ ఒక్కటే విన్నా చాలు, దాని దారిలో అది ఇంకో పాట పాడుతూ ఉంటుంది. ‘నోబడీ’లో అది లేదు. పై పూతంతా 1960లు, లోపలి యంత్రం 2008 నాటి కంప్యూటర్ డ్రమ్స్, కీబోర్డు శబ్దాలు. నా చెవికి బేస్ ఉన్నచోటే కొట్టుకుంటూ ఉంటుంది, బ్రాస్ వాయిద్యాల్లా వినపడేవి కూడా పల్చగా ఉంటాయి. మంచి స్పీకర్ల మీద పెద్ద సౌండ్ పెట్టి వింటే ఈ లోటు బాగా తెలుస్తుంది. నిజమైన బ్యాండుని కూర్చోబెట్టి రికార్డ్ చేసి ఉంటే ఈ పాట ఎక్కడికి వెళ్లేదో అని ఎన్నోసార్లు అనుకున్నాను. రెండో కోరస్ అయ్యాక వచ్చే మధ్య భాగం కూడా కొత్తగా ఏమీ చేయదు, అదే మాటని ఇంకో ట్యూన్‌లో చెప్పి సరిపెట్టుకుంటుంది.

సరే, ఇప్పుడు డ్యాన్స్. 1965లో ది సుప్రీమ్స్ ఒక పాటలో అరచెయ్యి ముందుకి చాపి ‘ఆగు’ అన్నట్టు పెట్టిన భంగిమ ఒకటి ఉంది, పాట మర్చిపోయిన వాళ్లకి కూడా ఆ చెయ్యి గుర్తుంటుంది. ‘నోబడీ’ అడుగులు అదే సూత్రం మీద కట్టారు. ఐదుగురు ఐదు మైక్ స్టాండ్ల వెనక నిలబడతారు. కోరస్‌లో చప్పట్లు, వెంటనే వేళ్లు ముందుకి చాపి ఎదుటివాణ్ణి చూపించడం, ‘నువ్వే’ అన్నట్టు. నడుము పక్కలకి ఊగుతూ ఉంటుంది, కాళ్లు పెద్దగా కదలవు. గాల్లోకి ఎగరడాలు, నేల మీద దొర్లడాలు ఏమీ లేవు. ఇప్పటి గ్రూపుల డ్యాన్సులు చూసి కళ్లు తిరిగే నాలాంటి వాళ్లకి ఇది ఎంత హాయిగా ఉంటుందో! పాట చెప్పేది ఒకే మాట, చేతులు చెప్పేది అదే మాట. చప్పట్లకి డ్యాన్స్‌లో చోటుంది కాబట్టి వినేటప్పుడు కూడా చేతులు ఊరుకోవు.

మా పిన్ని కూతురి సంగీత్‌కి పిల్లలు ఈ పాట పెట్టారు. రాజమండ్రిలో మేడ మీద సాయంత్రాలు ప్రాక్టీస్. వాళ్లకి మొదట ఒకటే సమస్య వచ్చింది. చప్పట్లూ వేలు చూపించడమూ రెండూ ఒకే వేగంతో చేసేస్తున్నారు, దాంతో అంతా హడావిడిగా కలిసిపోయి కనిపిస్తోంది. వీడియో మెల్లగా తిప్పి చూస్తే అర్థమైంది: చప్పట్లు ఒళ్లంతా వదులుగా ఉంచి కొట్టాలి, చెయ్యి చాపేటప్పుడు మాత్రం భుజం దగ్గర నుంచి ఒక్కసారిగా బిగించి ఆపాలి. వదులు, బిగువు, వదులు, బిగువు. అది పట్టుబడ్డాక అదే అడుగులు చూడముచ్చటగా వచ్చేశాయి. సంగీత్ రోజు రెండో కోరస్‌కల్లా ముందు వరస కుర్చీల్లో ఉన్న ఆడవాళ్లందరూ, కొరియా ఎక్కడుందో పట్టించుకోని మా పెద్దమ్మతో సహా, సరిగ్గా తాళంలో చప్పట్లు కొడుతున్నారు. "ఇది మన కోలాటమే కదే, కర్రలు లేవంతే" అంది పెద్దమ్మ. ఆవిడన్నది అక్షరాలా నిజం. కోలాటంలో కర్ర ఎక్కడ తగలాలో పాటే చెప్పేస్తుంది, చూసేవాళ్ల చేతులు కూడా దానంతటదే లేస్తాయి. నేర్పాల్సిన పని లేకుండా అంతమంది చేతుల్లోకి వెళ్లిపోయే అడుగు కట్టడం చాలా కష్టం. మన డ్యాన్స్ మాస్టర్లని అడగండి, ఒక్క హుక్ స్టెప్ కోసం ఎంత టెన్షన్ పడతారో చెబుతారు.

వీడియో గురించి రెండు అభిప్రాయాలున్నాయి నాకు. కథ ఇదీ: పార్క్ జిన్‌యంగ్ స్వయంగా పెద్ద స్టార్ సింగర్ వేషంలో ఉంటాడు, ఐదుగురమ్మాయిలు అతని వెనక కోరస్ పాడేవాళ్లు. కొత్త పాట ‘నోబడీ’ అతను పాడాలి. షో మొదలయ్యే ముందు టాయిలెట్‌కి వెళ్తాడు, అక్కడ పేపర్ ఉండదు, బయటికి రాలేక ఇరుక్కుపోతాడు. ఇక్కడ వేదిక మీద కంగారు, వేరే దారి లేక వెనకున్న అమ్మాయిల్ని ముందుకి నెట్టేస్తారు, వాళ్లు పాడేస్తారు, రాత్రికి రాత్రి స్టార్లయిపోతారు. మెరుపుల పొట్టి గౌన్లు, పాతకాలం జుట్టు ముడులు, నలుపు తెలుపు టీవీ, అన్నీ చూడటానికి కన్నులపండుగగా ఉంటాయి. వెనక నిలబడ్డవాళ్లు ముందుకి రావడం అనే ఆలోచన నాకు చాలా ఇష్టం, ఎందుకంటే పాటలో జరిగేది కూడా అదేగా, ఇన్నాళ్లూ మాట అడగని అమ్మాయి మైకు అందుకుంది. కానీ ఆ టాయిలెట్ కామెడీ అక్కర్లేనంత సేపు సాగుతుంది. నిర్మాతగారు తన మొహం చూపించుకోవడం మీద పెట్టిన శ్రద్ధ వల్ల అసలు పాట మొదలవడానికి ఎదురుచూడాల్సి వస్తుంది. మొదటిసారి చూసేవాళ్లు ఓపిక పట్టండి, రెండోసారి నుంచి పాట దగ్గరికి జరిపేసుకోండి.

ఈ పాట ఉన్నట్టుండి ఊడిపడలేదు. వండర్ గర్ల్స్ 2007లో మొదలయ్యారు. మొదటి ఐదుగురిలో ఉన్న హ్యూనా అదే ఏడాది ఆరోగ్యం వల్ల తప్పుకుంటే ఆమె చోటులో యూబిన్ వచ్చింది. ఆ సెప్టెంబర్‌లో ‘టెల్ మీ’ వచ్చింది, 1986 నాటి అమెరికా గాయని స్టేసీ క్యూ పాట ముక్క మీద కట్టిన పాట. కొరియా అంతా ఆ స్టెప్పు వేసింది. స్కూలు పిల్లలు, సైనికులు, పోలీసులు కూడా వేసి వీడియోలు పెట్టారు. 2008 వేసవిలో ‘సో హాట్’. ఆ తర్వాత ‘నోబడీ’. మొదటిది 1980ల వేషం, మూడోది 1960ల వేషం. వరసగా మూడూ వింటే ‘నోబడీ’ ఎందుకు వేరో తెలుస్తుంది. ‘టెల్ మీ’ సరదా పాట, అందులో అమ్మాయి ప్రేమిస్తున్నానని ఇంకోసారి చెప్పించుకుని మురిసిపోతుంది. ‘సో హాట్’ నేనెంత అందగత్తెనో అని చెప్పుకునే పాట, నాకు ఆ పాట ఇప్పుడు వింటే పెద్దగా అంటుకోదు. ‘నోబడీ’లో మొదటిసారిగా ఎదురుగా ఒక మనిషి ఉన్నాడు, ఒక గొడవ ఉంది, తేలాల్సిన విషయం ఉంది. ఆ ఏడాది కొరియాలో పెద్ద సంగీత అవార్డులైన ఎంకేఎంఎఫ్‌లో సాంగ్ ఆఫ్ ది ఇయర్ దీనికే ఇచ్చారు, సరైన పాటకే ఇచ్చారు.

ఇక అమెరికా. ఇది చెప్పకుండా వదల్లేం, చెబుతుంటే మనసు కొంచెం బరువెక్కుతుంది. 2009లో కంపెనీ వీళ్లని అమెరికా తీసుకెళ్లింది. సోహీ, సన్మీ ఇద్దరూ హైస్కూలు చదువు మధ్యలో ఆపేసి వెళ్లారు. అమెరికా బ్యాండ్ జోనస్ బ్రదర్స్ టూర్‌లో వాళ్ల షోకి ముందు పాడే గ్రూపుగా బస్సులో ఊరూరా తిరిగారు. స్వదేశంలో స్టేడియం లేచి నిలబడే గ్రూపు, అక్కడ తమ పేరు కూడా తెలియని జనం ముందు వేదికెక్కింది. ఇంగ్లీషు ‘నోబడీ’ సీడీని చిన్నపిల్లల బట్టలమ్మే జస్టిస్ షాపుల్లో ఒక్క డాలర్‌కి పెట్టారు. అక్టోబర్ 2009లో పాట హాట్ 100లో 76వ స్థానంలోకి వచ్చింది. అంతకుముందు ఏ కొరియన్ గ్రూపూ ఆ జాబితాలో లేదు. కొరియన్ ఆడపిల్లల గ్రూపుల్లో ఆ స్థానాన్ని దాటడానికి 2018లో బ్లాక్‌పింక్ 55వ స్థానానికి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. డాలర్ సీడీ కాబట్టి ఆ రికార్డు లెక్కలోకి రాదనేవాళ్లున్నారు. ఆ మాట నేను ఒప్పుకోను. తెలియని ఊళ్లో, తెలియని భాషలో పాడి, కొత్త పిల్లల చేత ఆ సీడీ కొనిపించింది వాళ్ల కష్టమే.

అయితే దానికి వాళ్లు చెల్లించిన మూల్యం కూడా ఉంది. వీళ్ల కోసం కొరియా ఆగలేదు. 2009 జనవరిలో గర్ల్స్ జనరేషన్ ‘జీ’ వచ్చి దేశాన్ని ఊపేసింది, ఆ వెనకే 2ఎన్ఈ1 వచ్చింది, చూస్తుండగానే ఆడపిల్లల గ్రూపుల జాతర మొదలైంది, ఆ జాతరకి కొబ్బరికాయ కొట్టినవాళ్లు మాత్రం వేరే దేశంలో బస్సులో ఉన్నారు. 2010 మొదట్లో సన్మీ చదువు కోసం తప్పుకుంది. ఆ తర్వాత హైరిమ్ వచ్చింది, మంచి పాటలు వచ్చాయి, కానీ ‘నోబడీ’ నాటి ఐదుగురూ కలిసి ఒక్క కొత్త పాట కూడా చేసే అవకాశం ఇంక రాలేదు. నాకైతే అమెరికా అడుగు ఒక ఏడాది తొందరపడి వేశారనిపిస్తుంది.

ఇంగ్లీషు వెర్షన్ ఎలా ఉందంటే, కోరస్ సగం ముందునుంచీ ఇంగ్లీషే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. చరణాల్లోనే తేడా కొడుతుంది. కొరియన్‌లో ‘నా మంచి కోసమే అన్న ఆ మాట ఇంక ఆపు’ అన్నప్పుడు ఉన్న పొగరు ఇంగ్లీషులో కరిగిపోయి మామూలు ప్రేమ పాట మాటలయ్యాయి. పలకడంలో కూడా జాగ్రత్త ఎక్కువైంది, ప్రతి అక్షరం సరిగ్గా రావాలన్న ప్రయత్నం వినపడుతూ ఉంటుంది, దాంతో వదులుగా ఊగాల్సిన చోట బిగుసుకుపోయారు. అయినా ఆ పిల్లలు కొత్త భాషలో ఇంత బాగా పాడటం చిన్న విషయం కాదు. ఒకసారి వినండి, తర్వాత కొరియన్‌కి వచ్చేయండి. చైనీస్, జపనీస్ భాషల్లో కూడా పాడారు. నేను మాత్రం వాటిని ఒక్కోసారి విని ఆపేశాను, ట్యూన్ అదే, సంగీతం అదే, పట్టు మాత్రం మొదటిదానిలోనే ఉంది.

కొత్తగా వినేవాళ్లకి నా సలహా: మొదటిసారి వీడియో లేకుండా వినండి, కళ్లకి పని పెడితే ఆ చరణాల్లోని ప్రశ్నలు జారిపోతాయి. అర్థం ముందు చదువుకుని వింటే ఇంకా మంచిది, ఇక్కడ నేను చెప్పిన పాటి చాలు. తర్వాత 2008 నాటి కొరియన్ టీవీ షోల్లో లైవ్‌గా చేసిన వీడియోలు చూడండి, యూట్యూబ్‌లో ఉన్నాయి. వాటిలో కెమెరా వెనక్కి వెళ్లి ఐదుగుర్నీ కాళ్లతో సహా చూపించే క్షణాల కోసం చూడండి. అధికారిక వీడియోలో కట్‌లు ఎక్కువ, డ్యాన్స్ పూర్తిగా కనిపించదు. లైవ్‌లో జనం చప్పట్లు కూడా పాటలో కలిసిపోతాయి, స్టూడియో రికార్డింగ్‌లో ఉన్న ఆ పల్చదనం అక్కడ చాలావరకు పూడిపోతుంది. రీమిక్స్ జోలికి వెళ్లకపోయినా నష్టం లేదు.

చిన్నపిల్లలున్న ఇంట్లో నిశ్చింతగా పెట్టుకోవచ్చు, మాటల్లో గానీ వీడియోలో గానీ తల తిప్పుకోవాల్సింది ఏమీ లేదు. డ్యాన్స్ నేర్చుకోవాలనుకునే పిల్లలకి మొదటి కొరియన్ పాటగా ఇదే ఇవ్వండి. ఊపిరి ఆడని వేగం లేదు, ఐదుగురు లేకపోయినా ముగ్గురితో కూడా బాగుంటుంది. అడుగులకి కాకుండా ముందు ఆ చప్పట్ల దగ్గర కూర్చోబెట్టండి, మిగతాది దానంతటదే వస్తుంది.

ఈ పాట నచ్చితే వెంటనే వినాల్సింది వాళ్లదే ఇంకోటి, 2015లో వచ్చిన ‘ఐ ఫీల్ యూ’. అప్పటికి సన్యే, సోహీ లేరు, సన్మీ తిరిగొచ్చింది. నలుగురూ వాయిద్యాలు పట్టుకుని బ్యాండుగా వేదికెక్కారు, యూబిన్ డ్రమ్స్, యేయున్ కీబోర్డు, హైరిమ్ గిటార్. రాసింది మళ్లీ పార్క్ జిన్‌యంగే. ‘నోబడీ’లో నాకు తక్కువైన బేస్ గిటార్ ఉంది చూశారా, అది ఈసారి సన్మీ భుజానికి తగిలించుకుని వచ్చింది.